ఇనుప ట్యాంకులో మధ్యాహ్నం

బాలశౌరి డాబా మీది పాత నీళ్ల ట్యాంకులోకి దిగి డ్రమ్ము వాయిస్తున్నాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక దిగాడు. ఇప్పుడూ మధ్యాహ్నమే. ఈలోగా చింతచిగురు వచ్చి పోయింది. వానలు పడి వెలిశాయి. ఎదురింటివాళ్లు గోడలకు సున్నం వేయించుకుంటే ఆ సున్నం పెచ్చులూడింది కూడా. మధ్యాహ్నం మాత్రం కదల్లేదు. టేపు తిరుగుతున్నంతసేపు సాయంత్రం కాదని కాజీపేటలో అందరికీ తెలిసిపోయింది.

అతని భార్య లూర్దు కింద గదిలో క్యాసెట్ డెక్కు ముందు కూర్చుని ఉంది. ట్యాంకులో వేలాడదీసిన మైకు నుంచి ఒక వైరు మెట్ల మీదుగా దిగి, కిటికీలోంచి వచ్చి, ఈ డెక్కులో కలుస్తుంది. ఎర్ర దీపం వెలుగుతోంది. రీలు తిరుగుతోంది. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి.

మొగుడు ట్యాంకులో ఉండిపోతే పెళ్లానికి కంగారుండదా అంటారా? ఉండాలి. ఆమె కూడా అప్పుడప్పుడు అదే అనుకుంటుంది, పొయ్యి మీద పాలు పెట్టానా లేదా అని అనుకున్నట్టు. అనుకుని మళ్లీ వింటుంది. సౌండు బాగా వస్తోంది.

వాళ్లిద్దరూ చేసేది పాట కాదు. పాట అంటే ఇద్దరికీ కోపం. తెగిన స్పీకరు, రేకు మీద గొలుసు ఈడ్చిన చప్పుడు, ఎర్తు లేని ప్లగ్గు పెట్టే గుర్రుమనే మోత, గొంతు చిరిగేదాకా అరిచిన అరుపు. వీటన్నిటినీ పోగేసి క్యాసెట్లుగా విడుదల చేస్తారు. కంపెనీ పేరు తుప్పు టేపులు. కంపెనీ అంటే ఈ గదే. అట్టలు కూడా ఇక్కడే తయారవుతాయి. తడి కాగితాన్ని ఇనుప రేకు మీద పరిచి ఎండలో పెడితే తుప్పు మచ్చ పడుతుంది, ఆ మచ్చే బొమ్మ. కొద్ది కాపీలే వేస్తారు. అయిపోతే మళ్లీ వెయ్యరు. అయిపోయాయని చెప్పుకోవడమే వాళ్లకు గొప్ప. తమకోసం ఒక్కటి కూడా దాచుకోరు. ఇలాంటివి వినేవాళ్లుంటారా అంటే, ఉంటారు. పోలండులో ఒకడు, కొల్హాపూర్‌లో ఒకడు, ఒసాకాలో ఒకావిడ.

పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి రెండు నియమాలు పెట్టుకున్నారు. టేపు తిరుగుతుంటే దాన్ని ఆపకూడదు, ఏం జరిగినా అది రికార్డులో భాగమే. ఇది బాలశౌరి పెట్టింది. తియ్యగా ఉన్నదేదీ టేపులో మిగలకూడదు. ఇది లూర్దు పెట్టింది. చర్చిలో ఫాదరు చేయించిన ప్రమాణాలు ఇద్దరికీ సరిగా గుర్తు లేవు గానీ, ఈ రెండూ గుర్తున్నాయి.

ట్యాంకు మూతకు బయటనుంచి గడియ పెట్టింది కూడా లూర్దే. లేకపోతే కోయిల కూత లోపలికి వస్తుందని భయం.

డెక్కులో టేపు అయిపోవడం లేదు. ఒకవైపు రికార్డవుతూ రెండోవైపునుంచి నేల మీదికి జారుతోంది. లూర్దు ఆ టేపును ఒళ్లోకి తీసుకుని, వింటూ, బ్లేడుతో కోస్తూ, అతికిస్తూ, కాపీలు తీస్తూ ఉంటుంది. రికార్డింగు పూర్తికాకుండానే విడుదల అయిపోయింది. కొరియరువాడు ఆ మధ్యాహ్నమే వచ్చి పట్టుకెళ్లి, ఆ మధ్యాహ్నమే పోలండులో ఇచ్చి, చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

మొదట్లో టేపులో డ్రమ్ము ఉండేది. తర్వాత పుల్లలు విరిగిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత అరచేతులు, పిడికిళ్లు, మోచేతులు. ఒకచోట బాలశౌరి ఇనుము మీద గుద్దుతూ ఏదో అరుస్తాడు. మాట తెలియదు, గొంతు మాత్రం పూర్తిగా నలిగిపోయి ఉంది. ఎన్నేళ్ల సాధన చేస్తే ఆ గొంతు వస్తుందో లూర్దుకు తెలుసు. ఆమె ఆ ముక్కను ముట్టుకోలేదు.

పోలండువాడు ఫోనులో రాశాడు. ఈ ఏడాది తను విన్నవాటిలో ఇదే గొప్పదట. ఆ మనిషి బతిమాలుతున్నట్టుండే చోట తన ఒళ్లు చల్లబడిందట. అదెలా తీశారని అడిగాడు. సహజంగా వచ్చిందని లూర్దు జవాబిచ్చింది. ఆ మాట రాస్తున్నప్పుడు ఆమెకు ఏమీ అనిపించలేదు. సంతోషం కూడా కలగలేదు. అన్నీ ఎక్కడో పక్కగదిలో జరుగుతున్నట్టు ఉంటోంది, ఆ పక్కగదికి తలుపు లేదు.

టేపులో ఒక్క లోపముంది. గుద్దుల మధ్య, అరుపుల కింద, ఎక్కడినుంచో సన్నగా టింగుమంటుంది. ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి. అది ఏ మేకో, చెంచానో అయ్యుంటుందని లూర్దు అనుకుంటుంది. ఏదైతేనేం, చెవికి హాయిగా ఉంది. హాయిగా ఉన్నది ఉండకూడదు. టింగుమన్న ప్రతిచోటా బ్లేడు పెట్టి ఆ ముక్కను కోసి కిటికీలోంచి పారేస్తుంది. కోసేకొద్దీ అది ఇంకా ఎక్కువసార్లు వస్తోంది. చేతికి బ్లేడు గీతలు పడ్డాయి.

ఆ ముక్కలు పడేది ఇంటి ఓనరు మొగిలయ్య పెరట్లో. ఆయన కింది వాటాలో ఉంటాడు, నెమ్మదైన మనిషి. ఒకసారి జామకాయ చేత్తో పట్టుకుని పైకొచ్చాడు. కాయలు మోగుతున్నాయనీ, గాలి వేస్తే చెట్టంతా టింగుటింగుమంటోందనీ, చిలకలు రావడం మానేశాయనీ చెప్పాడు. మధ్యాహ్నం సంగతి ఆయన అడగలేదు, అది బాలశౌరి పని అని ఆయనకు తెలుసు. కాయల సంగతే అడిగాడు. లూర్దు కాయను చెవి దగ్గర పెట్టుకుని విని, అవును మోగుతోంది అని ఒప్పుకుని, ఇకనుంచి ముక్కల్ని డబ్బాలో వేస్తానంది. వెయ్యలేదు. ఆయన మళ్లీ అడగలేదు.

బాలశౌరి ఉద్యోగానికేమీ ఢోకా లేదు. రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు, డ్యూటీ సాయంత్రం షిఫ్టు. సాయంత్రమే కాకపోతే రాలేదని ఎవరంటారు? షెడ్డులో వాళ్లు కూడా ఇది న్యాయమేనని ఒప్పుకున్నారు.

అన్నం మాత్రం అతని తల్లి ఆరోగ్యమ్మ చూసుకుంటుంది. ట్యాంకు గోడకు పైపు ఊడదీసిన కన్నం ఒకటుంది. ముద్దలు కలిపి అందులోంచి అందిస్తుంది. ఆవిడ చెవుల్లో ఎప్పుడూ దూది ఉంటుంది. కొడుకు ఈ రొద మొదలుపెట్టిన రోజునుంచీ ఉంది, తీసిందే లేదు. పప్పన్నం ముద్ద పోతుంది, కూర ముద్ద పోతుంది. మజ్జిగన్నం ముద్ద మాత్రం కన్నంలోంచి వెనక్కి వచ్చేస్తుంది. ఆవిడ దాన్ని కాకులకు వేసి కిందికి దిగుతుంది.

ఇలా జరుగుతుండగా ఆరోగ్యమ్మకు చెవిపోటు వస్తుంది. మందు వేసుకోవడానికి దూది తీస్తుంది. సరిగ్గా అప్పుడే లూర్దు కాపీ సరిచూడటానికి స్పీకరు పెడుతుంది. ఆరోగ్యమ్మ మందుసీసా చేత్తో పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోతుంది. కోడలు స్పీకరు ఆపబోతే వద్దని చెయ్యి ఊపుతుంది. కింద కూర్చుంటుంది. పాలవాడు చెప్పేది వినేటప్పుడు తల ఎలా వాలుస్తుందో అలాగే వాల్చి, చాలాసేపు వింటుంది.

"వాడు వాయిస్తలేడు బిడ్డా," అంటుంది చివరికి. "తలుపు తియ్యమంటున్నడు."

లూర్దు హెడ్‌ఫోన్లు ఒక చెవి మీదనుంచి జరుపుతుంది.

"రెండుసార్లు మెల్లగ, ఒకసారి గట్టిగ. బాత్‌రూమ్‌ల బకెట్లు వాయించుకుంట గడియ ఇరికిచ్చుకునేటోడు గద, అప్పుడు గిట్లనే కొట్టేటోడు. నేను పోయి తీసేదాన్ని."

"టేపు తిరుగుతున్నది అత్తమ్మా."

"తిరగనియ్," అని ఆరోగ్యమ్మ కొంగు దోపుకుని లేస్తుంది.

ఆవిడ మెట్లెక్కుతుంటే లూర్దు వెనకే వెళ్తుంది. హెడ్‌ఫోన్లు తియ్యలేదు, వాటి వైరు కావలసినంత సాగుతోంది. మెట్లు ఈసారి చాలా ఉన్నాయి. మధ్యలో ఒకచోట ఆరోగ్యమ్మ ఆగి మోకాళ్లు రాసుకుంటుంది, కూర్చోవడానికి అక్కడ ఎవరో బెంచీ కూడా వేశారు. పైకి చేరాక ఆవిడ నేరుగా ట్యాంకు దగ్గరికి పోయి, మూత మీద వేలితో రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా కొట్టి, గడియ లాగుతుంది. గడియ తేలిగ్గానే వస్తుంది.

బాలశౌరి బయటికి వస్తాడు. పందొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి. ఐటీఐ ఖాకీ చొక్కా, అప్పుడప్పుడే వస్తున్న మీసం. ట్యాంకులో చుక్క నీరు లేకపోయినా అతని ఒళ్లంతా తడిసి ఉంది. గడ్డం కింద, లూర్దుకు తెలిసిన మచ్చ లేదు. ఆంప్లిఫయరు మీద పడి తగిలిన దెబ్బ అది, ఆమె కళ్లముందే తగిలింది.

ఆరోగ్యమ్మ ఆశ్చర్యపోదు. ఇంతసేపేం చేస్తున్నావని కసురుతూ కొంగుతో అతని తల తుడుస్తుంది. అతను తల వంచి తుడిపించుకుంటూ, పక్కన నిలబడ్డ లూర్దును చూసి, పరాయి ఆడమనిషి ముందు తడిబట్టల్లో ఉన్నందుకు సిగ్గుపడతాడు. చొక్కా గుండీ పెట్టుకుంటాడు.

"గీ అక్క ఎవరమ్మా?" అంటాడు.

పదేళ్లు కాపురం చేసిన మొగుడు అక్కా అంటే ఏ ఆడదానికైనా ఏదో ఒకటి కావాలి. లూర్దుకు కుడిచెయ్యి తిమ్మిరెక్కుతుంది, అంతే.

ట్యాంకులో మోత ఆగలేదు. గుద్దులు, అరుపులు, అన్నీ అలాగే ఉన్నాయి. రెండు మెల్లగా ఒకటి గట్టిగా కొట్టేది మాత్రమే అందులోంచి పోయింది. లూర్దు అంచు పట్టుకుని లోపలికి వంగుతుంది. అడుగు కనిపించదు. బాలశౌరీ అని పిలుస్తుంది. ఆమె గొంతు కిందికి కిందికి పోయి, ఎంతోసేపటికి పెద్దదై తిరిగొస్తుంది. మారుమోత బాగుంది, వాడుకోవచ్చు అనుకుంటుంది అలవాటుగా. అనుకున్న మరుక్షణం ఆమెకు భయమేస్తుంది. ట్యాంకును చూసి కాదు. ఆ అనుకున్న మనిషి తనే అయినందుకు.

"లోపల ఇంకొకాయన ఉన్నడక్కా," అంటాడు కుర్ర బాలశౌరి. "గడ్డమున్నది. నేను వస్తుంటే నువ్వు గూడ రా అని పిలిచిన. అది మీ అమ్మ తీసిన మూత, నాకు చాలదు అన్నడు."

"మరి నన్నేం చెయ్యమన్నడు?"

అతను గుర్తు తెచ్చుకోవడానికి చెవి గోక్కుంటాడు. "నేను పిలుస్తనే ఉన్న, ఆమె కోస్తనే ఉన్నది. గంతే అన్నడు."

లూర్దు కిందికి వస్తుంది. దిగేటప్పుడు మెట్లు మామూలుగానే ఉన్నాయి. గదిలో నేలంతా టేపు. ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తి చూస్తుంది. ఎక్కడ చూసినా అతుకులే. కోసిన ముక్క ఒక్కటీ లేదు. కాపీలలోనూ ఉండవు. అన్నిట్లోంచీ ఆ టింగుమనే చప్పుడును ఏరేసింది తనే, అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు జీవితంలో.

ఆమె మొగిలయ్య పెరట్లోకి పోతుంది. ఆయన చెట్టు కింద మంచం మీద చెవుల మీద దిండు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఒక కాయ కోసుకోవచ్చా అంటే, అన్నీ కోసుకో తల్లీ అంటాడు దిండు తియ్యకుండానే. కొమ్మ వంచగానే చెట్టంతా మోగుతుంది. లూర్దు హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంటుంది. ఒక దోరకాయ కోసి కొరుకుతుంది. పళ్లకు ఏదో తగిలి టింగుమంటుంది.

అప్పుడు తెలుస్తుంది. అది మేకు కాదు, చెంచా కాదు. అది ఉంగరం.

బాలశౌరికి నోరు తెరిచి అడిగే అలవాటు లేదు. పులుసన్నం అయిపోయాక, కంచం అంచు మీద పెళ్లి ఉంగరంతో ఒకసారి కొడతాడు. ఆమె వినకపోతే కాస్త ఆగి ఇంకోసారి కొడతాడు. ఆమె మజ్జిగ పోస్తుంది. పదేళ్లుగా పోస్తోంది. ఆ చప్పుడుకు చెయ్యి దానంతటదే గిన్నె మీదికి పోయేది, చెవితో పనే ఉండేది కాదు. ఇంట్లో ఎన్నడూ చెవిపెట్టి విననిదాన్నే, టేపులో తియ్యగా ఉందని కోసి పారేసింది. అంత ఇనుములో, అంత చీకట్లో, పిడికిళ్లు పగిలాక కూడా ఆ మనిషి ఉంగరం వేలితో ఆమెనే పిలుస్తున్నాడు.

లూర్దు ఏడుస్తుంది. ఏడుపు గట్టిగా ఏమీ రాదు, జామకాయ నమలడం కూడా ఆపదు. అతనంటే తనకున్న ఇష్టాన్ని ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టి మరిచిపోయిందోనని సిగ్గేస్తుంది. మొగిలయ్య దిండు కొంచెం ఎత్తి చూసి, మళ్లీ పెట్టుకుంటాడు.

గదిలోకి వచ్చి డెక్కు ముందు నిలబడుతుంది. రీలు తిరుగుతూనే ఉంది. ఇంత మంచి రికార్డింగు మళ్లీ రాదు, అది ఆమెకు తెలుసు. మధ్యలో తెంపితే పోలండువాడూ ఒసాకా ఆవిడా తుప్పు టేపుల పేరెత్తరు, అదీ తెలుసు. తిరిగే టేపును ఆపకూడదన్నది బాలశౌరి పెట్టిన నియమం. ఆపితే ఏమవుతుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు, ఎన్నడూ ఆపలేదు కాబట్టి. అతను ఉన్నదే ఆ మోతలో అయితే, మోతతోపాటు అతనూ ఆగిపోవచ్చు. ఆమె వేలు మీట మీద చాలాసేపు ఉంటుంది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని నొక్కుతుంది.

ఎర్ర దీపం ఆరిపోతుంది.

సాయంత్రం ఒక్కసారిగా దిగుతుంది. స్టేషను బయట ఇన్నాళ్లుగా ఆగి ఉన్న రైలుబళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి చప్పుడు లేకుండా లోపలికి వస్తాయి. కాజీపేటలో లైట్లు వెలుగుతాయి. ట్యాంకులో మోత లేదు. వంటింట్లో గరిట మోత లేదు, వీధిలో స్కూటరు మోత లేదు, జామచెట్టులో కూడా లేదు. లూర్దు ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఏమీ వినిపించదు. చంపేశానా అనుకుంటుంది.

పైన, ఇనుము మీద, టింగుమంటుంది.

ఆమె డాబా మీదికి పరిగెత్తదు. కంచం కడుగుతుంది. పీట వేస్తుంది. అన్నం వడ్డించి, మజ్జిగ గిన్నె తీసుకుని ఎదురుగా కూర్చుంటుంది. గోడవారగా ఆరోగ్యమ్మ తన కొడుక్కి వేరే కంచంలో పెడుతోంది. కుర్రవాడు ఆకలిగా తింటున్నాడు. పులుసన్నం అయిపోయాక అతను అలవాటుగా కంచం అంచును వేలితో కొడతాడు. ఉంగరం లేని వేలు కాబట్టి చప్పుడు రాదు. తల్లి తనంతట తానే చూసి మజ్జిగ పోస్తుంది.

మెట్ల మీద ఏదో జరజరా దిగుతోంది. ముందు వేళ్లు కనిపిస్తాయి, గడప పట్టుకుని లోపలికి వస్తాయి. తర్వాత మణికట్టు. తర్వాత చెయ్యి, వస్తూనే ఉంటుంది. డాబా మీద తెరిచి ఉన్న ట్యాంకు నోట్లోంచి బయల్దేరి, మెట్లన్నీ దిగి, వసారా మలుపు తిరిగి వస్తోంది. వేళ్ల కణుపులు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. మొగిలయ్య భార్య నీళ్ల బిందెతో మెట్లెక్కుతూ తొక్కకుండా చూసుకుని దాటుతుంది. రెండో చెయ్యి ఇటు రాలేదు. అది పిట్టగోడ దిగి, స్టేషను రోడ్డు వెంబడి లోకో షెడ్డు వైపు పోతోందని మొగిలయ్య కిటికీలోంచి చెబుతాడు. డ్యూటీ టైమయింది మరి.

ఉంగరం చెయ్యి పీట దగ్గర ఆగుతుంది. అన్నాన్ని వెతుక్కుంటుంది. కంచం అంచు తగులుతుంది. ఒకసారి కొట్టి, ఎదురుచూస్తుంది.

"విన్న," అంటుంది లూర్దు.

పోస్తుంది. చెయ్యి అన్నం కలుపుతుంది, పగిలిన కణుపులకు మజ్జిగ చల్లగా తగిలి ఒక్క క్షణం ఆగుతుంది. ముద్ద చేస్తుంది. ముద్ద పట్టుకుని వెనక్కి మళ్లుతుంది. గడప దాటి, వసారా మలుపు తిరిగి, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, ఒక్క మెతుకు రాలకుండా, పైన చీకట్లో తెరుచుకుని ఉన్న నోటి దాకా పోతుంది. చెయ్యి ఖాళీగా తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. లూర్దు మజ్జిగ గిన్నె ఒళ్లో పెట్టుకుని, మెట్ల వైపు చెవి పెట్టి కూర్చుంటుంది.